పప్పు మిల్లు తర్వాత, ముందు కాటా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. కనిగిరి, పామూరు, పొదిలి మండలాల్లో మూడేళ్ల ప్రాజెక్టుకి మేనేజరుగా కొత్తగా చేరారు. 640 మంది చిన్న, సన్నకారు రైతులతో ఉత్పత్తిదారుల కంపెనీ రిజిస్టర్ అయింది. పంట ప్రధానంగా కంది. మొదటి ఏడాదే పప్పు మిల్లు పెట్టాలని, సభ్యుల పంటలో 60 శాతం కంపెనీ ద్వారానే అమ్మించాలని ప్రాజెక్టు పత్రంలో రాసి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, మిల్లుకి టెండరు ఇప్పుడే పిలవాలా అని అడిగారు.

ఇప్పుడే పిలవొద్దండీ. ఈ ఏడాది ఒక మంచి కాటా కొనండి చాలు. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది. నేను ఈ పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఎక్కువ కాలం పశ్చిమ ప్రకాశంలోనే గడిచింది, మధ్యలో నాలుగేళ్లు నెల్లూరు వైపు. చేసిన తప్పుల్లో సగం ఈ మిల్లు తొందర లాంటివే.

రైతులను వాణిజ్య వ్యవసాయం వైపు మళ్లించాలని ప్రతి ప్రాజెక్టు పత్రంలోనూ ఉంటుంది. మన దగ్గర ఆ మాట చదివితే నాకు నవ్వొస్తుంది. పొదిలిలో, కనిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది, ఆంధ్రాలో 1985 నుంచి బోర్డు వేలం నడుస్తోంది. ఇక్కడి రైతుకి గ్రేడంటే తెలుసు. ధర నచ్చకపోతే బేలు వెనక్కి తెచ్చుకుని మళ్లీ ఎప్పుడు పెట్టాలో తెలుసు. పొగాకులో కష్టాలు లేవని అనను, లో గ్రేడు కొనే నాథుడు లేక రైతులు రోడ్డెక్కిన ఏళ్లు మనం చూసినవే. కానీ అదే రైతు కంది దగ్గరికి వచ్చేసరికి కల్లంలో ఎవరొస్తే వాళ్లకి ఇచ్చేసి చేతులు దులుపుకుంటాడు. పొగాకుకి అందరికీ కనిపించే తూకం ఉంది, అందరి ముందు పలికే ధర ఉంది, ఖాతాలో పడే డబ్బుంది. కందికి ఈ మూడూ లేవు. మీరు మూడేళ్లలో చేయాల్సిన పనంతా ఈ మూడే. వాటికోసం రైతులకి అవగాహన సదస్సు అక్కర్లేదు, మనకే కాస్త అవగాహన కావాలి.

అందుకని దళారిని తిట్టే మీటింగులు పెట్టకండి. ఆయన ఏమేం చేస్తున్నాడో ఒక కాగితం మీద రాసుకోండి. జూన్‌లో విత్తనానికి డబ్బిస్తాడు. పూత మీద పురుగు పడితే మందుకి ఇస్తాడు. రాత్రి పదింటికి ఫోన్ చేసి ఆస్పత్రి అంటే ఐదువేలు పంపిస్తాడు, కాగితాలు అడగడు. నూర్పిడి అయ్యాక గోతాలు ఆయనవే, హమాలీలు ఆయన మనుషులే. కల్లంలోనే కాటా వేసి రొక్కం చేతిలో పెడతాడు. మన కంపెనీ ఇందులో ఏది చేయగలదు?

ఇప్పుడు దానికి ఆయన తీసుకునేది ఎంత? ఉదాహరణకి మేం ఒక ఊళ్లో కూర్చుని వేసిన లెక్క చెప్తాను. పది క్వింటాళ్ల కంది, క్వింటా 7,000 చొప్పున 70,000. యాభై కిలోల బస్తాకి కిలో తరుగు అంటే ఇరవై బస్తాలకి 20 కిలోలు, 1,400 రూపాయలు. కమీషన్ నూటికి రెండు, ఇంకో 1,400. జూన్ నుంచి వాడుకున్న 40,000 అప్పుకి నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, ఆరు నెలలకి 4,800. మొత్తం 7,600. మీ ఊళ్లలో అంకెలు వేరుగా ఉండొచ్చు, మీరే అడిగి వేసుకోండి. కానీ ఎక్కడ వేసినా పెద్ద అంకె తరుగుదీ కమీషన్‌దీ కాదు, వడ్డీది. మనం క్వింటాకి వంద ఎక్కువిస్తామని మైకులో చెప్తే రైతు ఎందుకు కదలడో అప్పుడు తెలిసింది నాకు. పది క్వింటాళ్లకి మన వెయ్యి కోసం, ఆర్నెల్లు తనని ఆదుకున్న మనిషిని ఎందుకు వదులుకుంటాడు?

కాబట్టి మీ ఫీల్డ్ స్టాఫ్‌కి మొదటి నెల పని ఇదే: 640 మందిలో ఎవరికి బ్యాంకులో పంట రుణం ఉంది, ఎవరికి లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం. అదే 40,000కి ఆరు నెలల వడ్డీ 4,800 బదులు 800 అవుతుంది. మనం ధరలో ఎంత గింజుకున్నా ఇంత మిగల్చలేం. మీ లిస్టులో మూడోవంతు మందికి రుణం లేదని తేలినా ఆశ్చర్యపోకండి. వాళ్లలో ఎక్కువమంది కౌలుదారులై ఉంటారు. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకి సాగు హక్కు పత్రం ఇస్తారు, కానీ దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందన్న భయం ఇంకా పోలేదు. యజమాని హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. వాళ్లు పండక్కి ఊరొచ్చినప్పుడు మేం ఇంటింటికీ వెళ్లి సంతకం పెట్టించుకునేవాళ్లం. సంక్రాంతికి అడిగితే ఆ ఏడాది పంటకి పనికిరాదు, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఈ పని ఏ రిపోర్టులోనూ పడదు. అయినా చేయండి.

ఇక కాటా సంగతి. కనిగిరికి పడమర ఒక ఊళ్లో రామాలయం ముందు వేపచెట్టు కింద ఎలక్ట్రానిక్ కాటా పెట్టాం. అంకెలు జనం వైపు తిప్పి పెట్టాం. వారం రోజులు ఒక్క బస్తా కూడా కొనలేదు. ఎవరైనా వచ్చి ఊరికే తూకం వేసుకోవచ్చన్నాం. మొదటి రోజు పిల్లలు ఎక్కి తూగారు. రెండో రోజు ఒక పెద్దాయన ట్రాక్టర్ మీద ఒకే ఒక్క బస్తా తెచ్చాడు. నిన్న వేరే కాటా మీద 49 వచ్చింది, మీదెంత చూపిస్తుందో చూస్తానన్నాడు. 50 కిలోల 600 గ్రాములు వచ్చింది. సంతోషిస్తాడేమో అనుకున్నాను. ఆయన మా కాటానే అనుమానించాడు. మేం ఎక్కువ చూపించి తర్వాత ధరలో కోస్తామని ఆయన లెక్క. ఏమీ అనకుండా ఇంటికెళ్లి కుట్టు విప్పని యూరియా బస్తా తెచ్చి కాటా మీద పెట్టాడు. బస్తా మీద 45 కిలోలని రాసి ఉంది. కాటా 45 కిలోల 100 గ్రాములు చూపించింది. ఆ వంద గ్రాములేంటని అడిగాడు. సంచి బరువన్నాను. సంచి చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించి తలూపాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది ఈ సంగతి.

మూడో వారానికి ఆ ఊరొచ్చే వ్యాపారి కిలో తరుగు మానేశాడు. ఆ ఏడాది ఆ ఊళ్లో మేం కొన్నది తక్కువే. మిగతా పంటంతా వ్యాపారికే వెళ్లింది, కాకపోతే సరైన తూకంతో. మధ్యంతర సమీక్షకి వచ్చినవాళ్లు ‘ఈ ఊళ్లో మీ అమ్మకాలు బలహీనం’ అని రాసుకుని వెళ్లారు. నేనేమంటానంటే, ఊరూరా తరుగు ఎంతుందో మీరు ఇప్పుడే, పని మొదలుపెట్టకముందే, తేదీతో సహా రాసి పెట్టుకోండి. తర్వాత మళ్లీ అడగండి. కంపెనీకి అమ్మనివాళ్లకి కూడా ఎంత మిగిలిందో చూపించే ఆధారం అదొక్కటే. నా దగ్గర అప్పుడు ఆ కాగితం లేక మాట పడాల్సి వచ్చింది.

డబ్బు దగ్గరికొద్దాం. ప్రాజెక్టులు మునిగేది ఇక్కడే.

640 మంది తలా వెయ్యి వాటా ధనం కడితే 6 లక్షల 40 వేలు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో మీ కంపెనీ ఉంటే, రైతు కట్టినంత మ్యాచింగ్ వాటా వస్తుంది. సభ్యుడికి 2,000 వరకు, కంపెనీకి 15 లక్షల వరకు అన్నది హద్దు. మీకు ఇంకో 6 లక్షల 40 వేలు. రెండూ కలిపి 12 లక్షల 80 వేలు. క్వింటా 7,000 లెక్కన దాంతో 183 క్వింటాళ్లు కొనొచ్చు. పది చక్రాల లారీ ఒకటి నిండి కాస్త మిగులుతుంది. కంది సీజను గట్టిగా రెండు నెలలు. కొన్నవాడు ఇరవై రోజులకి డబ్బిస్తే ఆ సొమ్ము మూడుసార్లు తిరుగుతుంది. అంటే 550 క్వింటాళ్లు, అదీ అంతా సవ్యంగా జరిగితే.

మీ పత్రంలో ఉన్నదెంత? సభ్యుడికి రెండెకరాల కంది, ఎకరాకి నాలుగు క్వింటాళ్లు అనుకుంటే మొత్తం 5,120. అందులో 60 శాతం 3,072 క్వింటాళ్లు. దానికి 2 కోట్ల 15 లక్షలు కావాలి. మూడు తిప్పుళ్లు వేసుకున్నా ఒకేసారి 70 లక్షలకు పైగా చేతిలో ఉండాలి. మీ దగ్గరున్నది 13 లక్షల లోపు.

ఇంకో అంకె చూడండి. ఆ పథకంలో సీఈఓ జీతం నెలకి 25,000, అకౌంటెంటుది 10,000. ఏడాదికి 4 లక్షల 20 వేలు. మొదటి మూడేళ్లు గ్రాంటు నుంచి వస్తుంది, ఆ తర్వాత కంపెనీయే సంపాదించుకోవాలి. గోతాలు, హమాలీ, లారీ కిరాయి, ఎండు తరుగు, వడ్డీ అన్నీ పోగా కందిలో క్వింటాకి 150 మిగిలితే గొప్ప. ఆ 150తో 4 లక్షల 20 వేలు రావాలంటే 2,800 క్వింటాళ్లు అమ్మాలి. అంటే పత్రం రాసినాయన 60 శాతం అని ఊరికే రాయలేదు, జీతాలు గిట్టాలంటే దాదాపు అంతే కావాలి. ఆ సరుకు కొనడానికి డబ్బెక్కడిదన్నది మాత్రం ఆ పత్రంలో ఏ పేజీలోనూ ఉండదు. నేను చూసినవాటిలో ఎక్కడా లేదు.

దీనికి దారులు లేకపోలేదు. నాబ్‌కిసాన్ లాంటి సంస్థలు ఎఫ్‌పీఓలకి అప్పిస్తాయి. పథకంలో 2 కోట్ల వరకు రుణానికి గ్యారంటీ సదుపాయం ఉంది. కానీ జనవరిలో కంది కోతకొచ్చాక అప్లికేషన్ పెడితే డబ్బు వచ్చేది ఎండాకాలంలో, అప్పటికి కల్లాలు ఊడ్చేసి ఉంటారు. ఈ నెలలోనే ఫైలు కదిపితే సీజనుకి అందుతుంది. కొనుగోలుదారు దగ్గర కొంత అడ్వాన్సు అడగండి, ఇవ్వరు, అయినా అడగండి, రెండో ఏడాది ఇస్తారు. మద్దతు ధరకి కొనే ప్రభుత్వ కేంద్రం నిర్వహణ మీ కంపెనీకి వస్తే వదలకండి. దాంట్లో మన పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుతుంది, మనకి కమీషన్ వస్తుంది. 2025-26కి కంది మద్దతు ధర క్వింటాకి 8,000. ఒకటే చిక్కు, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరు లేకపోతే సరుకు తీసుకోరు. కౌలుదారు వేసిన పంట యజమాని పేరు మీద ఎక్కి ఉంటుంది. అదీ ఇప్పుడే చూసుకోవాల్సిన పని.

నిల్వ పెట్టి ధర పెరిగాక అమ్మిద్దామని ఎవరో ఒకరు బోర్డు మీటింగులో తప్పకుండా అంటారు. మంచి మాటే. కానీ మన జిల్లా శనగ రైతుని అడగండి. కాక్-2 రకం శనగలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి, వాటి మీద అప్పు తీసుకుని, ధర రాక, అద్దె, వడ్డీ పెరిగి ఏళ్లతరబడి నలిగినవాళ్లున్నారు. కంపెనీ సొమ్ముతో ఆ ఆట ఆడకండి.

చెల్లింపు ఆలస్యమైతే ఏమవుతుందో నా సొంత అనుభవం చెప్తాను. మొదటి లారీ 160 క్వింటాళ్లు ఒక పెద్ద కొనుగోలుదారుకి పంపాం. పేరొద్దు. ఇక్కడ మా మీటరులో తేమ 11 వచ్చింది. అక్కడ వాళ్ల మీటరులో 13 అన్నారు. రెండు రోజులు లారీ గేటు బయటే ఉంది, కిరాయి మీటరు తిరుగుతూనే ఉంది. చివరికి ధర తగ్గించుకుని దించుకున్నారు. డబ్బు వచ్చేసరికి 43 రోజులు. మేం రైతులకి వారం అని చెప్పాం.

ఆ రోజుల్లో ఒకామె రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి వచ్చేది. ఏమీ అడిగేది కాదు, అరిచేది కాదు. తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. మధ్యాహ్నం డబ్బా విప్పి తినేది, మమ్మల్నీ తినమనేది. నాలుగింటి బస్సుకి వెళ్లిపోయేది. పదకొండు రోజులు అలా వచ్చింది. తిట్టినవాళ్లందరినీ మర్చిపోయాను, ఆమెని మర్చిపోలేదు. ఆమెకి రావాల్సింది పద్నాలుగు వేలు. మా జీతాలు మాత్రం ఆ నెల ఒకటో తారీఖునే పడ్డాయి.

అప్పట్నుంచి మా పద్ధతి మారింది. తూకం వేసిన రోజే 80 శాతం ఖాతాలో వేస్తాం, మిగతా 20 లారీ లెక్క తేలాక. ఈ మాట ముందే ఊళ్లో చెప్తాం, రసీదు మీద రాస్తాం. చేతిలో డబ్బు ఎన్ని క్వింటాళ్లకి ఉందో అన్ని క్వింటాళ్లే కొంటాం, ఎవరు బతిమాలినా సరే. లోడు కదిలేముందు శాంపిలు మూడు కవర్లలో సీలు వేసి ఒకటి మా దగ్గర, ఒకటి డ్రైవరు చేతికి, ఒకటి ఆ ఊరి డైరెక్టరు ఇంట్లో పెడతాం. మా తేమ మీటరుని ఏటా సీజను ముందు కొనుగోలుదారు మీటరుతో పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటాం. ఈ చివరి పని ఒక్కటి ముందే చేసి ఉంటే ఆ లారీ గొడవ వచ్చేదే కాదు.

మిల్లు గురించి రెండు ముక్కలు. క్వింటా కంది ఆడిస్తే పప్పు సుమారు 70 కిలోలు చేతికొస్తుంది, మిగతాది నూక, పొట్టు లాంటివి. మిల్లు గిట్టాలంటే ఏడాది పొడవునా ఆడాలి. అంటే రెండు నెలల్లో సరుకంతా కొని పెట్టుకోవాలి. రెండు లారీల కంది కొనడానికే డబ్బు లేనివాళ్లం పన్నెండు నెలల కంది ఎలా కొంటాం? గ్రాంటుతో వచ్చిన మిల్లులు తాళాలతో కనపడేది అందుకే. మొదటి ఏడాది జల్లెడ యంత్రం చాలు. మట్టి, పుల్ల, పుచ్చు తీసేసి ఒకే రకం సరుకు ఇస్తే కొనుగోలుదారు మన మాట వింటాడు. మిల్లు అడ్డం తిరిగేది గ్రాంటు గడువు దగ్గర. ‘ఈ మార్చిలోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది’ అంటారు. మూడో ఏడాదికి మార్చమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, పైన ఉన్న లెక్కంతా జత చేయండి. లెక్క చూపిస్తే ఒప్పుకున్నవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

విత్తనాలు, ఎరువుల దుకాణం పెట్టమని అందరూ చెప్తారు. పెట్టండి, నెలనెలా కాస్త డబ్బు ఆడుతుంది. అప్పు మీద మాత్రం ఒక్క బస్తా కూడా ఇవ్వకండి, డైరెక్టరుకైనా సరే. డైరెక్టరుకి అసలే వద్దు.

నెల్లూరు అనుభవం ఇక్కడ ఎంత పనికొస్తుందని అడిగారు. కొంచెమే. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ రోజూ కోసేది, రోజూ అమ్మేది. పొద్దున ధర సాయంత్రం ఉండదు. ఎండాకాలంలో ఢిల్లీకి లారీలు కట్టేటప్పుడు పలికిన ధర వానాకాలంలో కోత కూలికి కూడా చాలదు. అక్కడ మేం గోడౌన్ గురించి ఆలోచించలేదు. వేసవికి కాయ వచ్చేలా పూత పట్టించడం మీదే మా పనంతా నడిచింది. రోజూ డబ్బు తిరుగుతుంది కాబట్టి తక్కువ పెట్టుబడితో కంపెనీ నిలబడింది. కందిలో ఆ సుఖం లేదు, ఏడాదికి ఒకే పరీక్ష. అందుకే మీ సభ్యులకి పాలో, మేకలో, బోరున్నచోట కూరగాయలో ఇంకో సరుకు ఏదైనా ఉందేమో చూడండి. 2,800 క్వింటాళ్ల బరువు ఒక్క కంది మీదే పెట్టకండి.

కంపెనీ కాగితాల విషయంలో బద్ధకించొద్దు. రిజిస్టర్ అయిన 180 రోజుల్లోపు వ్యాపారం మొదలుపెట్టినట్టు డిక్లరేషన్ వేయాలి, మర్చిపోతే కంపెనీకి 50,000 జరిమానా. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 చొప్పున పడుతుంది. నాకు తెలిసిన ఒక కంపెనీ రెండేళ్లు పట్టించుకోక, రైతుల వాటా ధనంలో పెద్ద ముక్క ఆ జరిమానాకే పోగొట్టుకుంది. ఊళ్లో ఈ మాట ఎలా చెప్పాలో తెలియక సీఈఓ ఉద్యోగం మానేశాడు.

డైరెక్టర్లు ఐదుగురి నుంచి పదిహేను మంది దాకా ఉండొచ్చు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఇది చట్టంలో ఉన్న సంగతి. ఊళ్లో సంగతి వేరే, పార్టీ పట్టింపులు లోపలికి రాకుండా ఎవరూ ఆపలేరు. నేను చేసేది ఒకటే, సంతకాలు పెట్టే ఇద్దరూ ఒకే ఊరు, ఒకే వర్గం కాకుండా చూస్తాను. ఆడవాళ్లు ఇద్దరైనా బోర్డులో ఉండేలా చూస్తాను, పేరుకి కాకుండా మీటింగుకి వచ్చేవాళ్లు. లెక్కల పుస్తకం తెరిచి అడిగే ప్రశ్నలు ఎక్కువగా వాళ్ల నుంచే వచ్చాయి మా దగ్గర.

చివరగా, ఏ కాటా కొనాలో చెప్పి ముగిస్తాను. 300 కిలోల ప్లాట్‌ఫామ్ ఎలక్ట్రానిక్ కాటా, బ్యాటరీ ఉన్నది తీసుకోండి. కల్లాల దగ్గర కరెంటు ఉండదు. అంకెలు రెండు వైపులా కనపడే డిస్‌ప్లే అడగండి, రైతు వంగి చూడాల్సిన అవసరం ఉండకూడదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, సర్టిఫికెట్ లామినేషన్ చేయించి కాటాకే కట్టండి. ఇరవై కిలోల తూకం రాయి ఒకటి పక్కన ఉంచండి. దాన్ని మీరు పెట్టి చూపించకండి, వచ్చిన రైతునే ఎత్తి పెట్టమనండి.